పేరు లేని రైఫిల్‌ని పోల్చడం ఎలా?

పాత తుపాకీ చేతికందగానే అందరూ వెతికేది చేసినవాడి పేరు. అమెరికాలోని పెన్సిల్వేనియా లాంగ్ రైఫిళ్ల విషయంలో ఆ వెతుకులాట చాలాసార్లు వృథా. 18వ శతాబ్దంలో అక్కడ స్థిరపడ్డ జర్మన్ పనివాళ్లు, తమ దేశపు పొట్టి యేగర్ రైఫిల్‌ గొట్టాన్ని పొడిగించి, కర్రను సన్నబరిచి రూపొందించిన తుపాకీ ఇది. కొనేవాడు ఆ చుట్టుపక్కల రైతో వేటగాడో అయ్యేవాడు. ఎవరు చేశారో అతనికి తెలుసు. ఇక పేరు చెక్కడం ఎవరి కోసం?

పేరు కనిపించినా నమ్మేయకూడదు. లాక్ (మందును అంటించే యంత్రాంగం) మీద కెట్లాండ్ అని ఉంటే అది ఇంగ్లండ్ నుంచి దిగుమతైన లాక్ అని మాత్రమే తెలుస్తుంది. పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ పనివాడు దాన్ని అంగట్లో కొని తన కర్రలో బిగించుకున్నాడంతే.

పరిశీలనకు ముందు ఒక జాగ్రత్త. సన్నని కర్రపుల్లను మూతి నుంచి అడుగు దాకా దింపి గుర్తు పెట్టి, అదే పుల్లను గొట్టం బయట ఆనించి చూడాలి. మందు అంటించే రంధ్రానికి బాగా ఇవతలే గుర్తు ఆగిపోతే లోపల మందూ గుండూ ఉన్నాయేమోనని అనుమానించాలి. నల్ల తుపాకీమందు పొడిగా ఉంటే వందేళ్ల తర్వాత కూడా పేలుతుంది. అలాంటిదాన్ని తెలిసినవాళ్లకే అప్పగించాలి.

గుర్తుపట్టే విద్యకు దారి వేసినవాడు పెన్సిల్వేనియాలోనే ఉన్న యార్క్ పట్టణపు పాతవస్తువుల వ్యాపారి జో కిండిగ్. 1960లో వచ్చిన ఆయన పుస్తకం పేరున్న రైఫిళ్లనూ పేరులేనివాటినీ పక్కపక్కన పెట్టి, ప్రాంతాలవారీగా సంప్రదాయాలను విడదీసింది. ఊరి వడ్రంగి చేసిన ద్వారబంధం చూసి ఫలానా వాళ్ల పని అని పెద్దలు చెప్పేస్తారే, అదే చూపు. లాంకస్టర్ రైఫిల్ మడమ (భుజానికి ఆనించే వెనకభాగం) గీతలు తిన్నగా సాగుతాయి, అందులో గుడ్డముక్కలు దాచుకునే ఇత్తడి ప్యాచ్‌బాక్స్ కొసన తరచుగా డైసీ పువ్వు ఉంటుంది. రెడింగ్ వైపు మడమ వంపు తిరుగుతుంది. బెడ్‌ఫర్డ్ తుపాకీ లాక్‌తో సహా బక్కపలచన. కాలానికీ ఆనవాళ్లున్నాయి: మడమ వెడల్పుగా ఉంటే పాతది, సన్నబడి నెలవంకలా లోతుగా వంగితే తర్వాతిది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి మరమ్మతుల మచ్చలు. 1830ల నుంచి చెకుముకి రాయి పోయి, పేలుడు టోపీ వచ్చింది. పాత లాక్‌ను మార్చుకున్నవాళ్లు మందుపళ్లెం తీసేసిన చోట ఖాళీ మరలరంధ్రాలు మిగిలాయి. గొట్టం వెనకభాగం కాలి అరిగితే, దాన్ని కత్తిరించి వెనక్కి జరిపి మళ్లీ బిగించేవారు. అప్పుడు కర్రలో పాత మేకుల చిల్లులు పూడ్చి ఉంటాయి. లోపలి గాడులు అరిగితే మళ్లీ లోతుగా కోసేవారు, దాంతో గుండు సైజు పెరిగేది. ఇవన్నీ ఆ తుపాకీ చరిత్రే. వాటిని చెరిపి 'కొత్తగా' చేసేవాడు పనిమంతుడు కాదు.

కాబట్టి బాగుచేయడమంటే ముఖ్యంగా చేయి ఆపుకోవడం. అప్పటివాళ్లు చారల మేపుల్ కర్రకు ఇనుము కరిగించిన నత్రికామ్లం పూసి, వేడి చూపించి రంగు తెచ్చేవారు. ఆ రంగు పైపొరలోనే ఉంటుంది. ఒక్కపూట గరుకు కాగితం పట్టామంటే అది పోయినట్టే, మళ్లీ రాదు. ఇత్తడిని తళతళలాడించడమూ అంతే అనర్థం. ఎర్రగా రాలుతున్న తుప్పును మాత్రం పలుచని నూనెలో నాననిచ్చి, మెత్తని ఇత్తడి రేకు అంచుతో నెమ్మదిగా గీకాలి. ముదురు గోధుమరంగు పొరను ముట్టుకోకూడదు. పగిలిన కర్రకు వేడినీటికి వదిలే పశుచర్మపు జిగురే మేలు, రేపు ఇంకొకరు విప్పి సరిదిద్దుకోవచ్చు. మర విప్పే ముందు దాని గాడికి సరిపోయేలా స్క్రూడ్రైవర్ మొన అరగదీసుకోవాలి. గొట్టం వెనక బిరడా మరను విప్పే సాహసం వద్దు. చివరికి బ్రిటిష్ మ్యూజియంలో రూపొందిన రినైసాన్స్ వ్యాక్స్ లాంటి మైనం పలుచగా రాస్తే చాలు.

మన జమీందారీ ఇళ్ల అటకల మీదా కూరుడు తుపాకులు దొరుకుతుంటాయి. వాటికి ఈ పద్ధతులు వాడాలనుకునేవారు ఒకటి గమనించాలి. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది గానీ, మరమ్మతు చేసినా పేలని వాటికే. అందుకని తుడిచే గుడ్డ తీయకముందే స్థానిక పోలీసులకు చూపించి, రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి.