ఎడిసన్ పెట్టె, విక్టర్ బీరువా

పాత ఫోనోగ్రాఫుల చెక్కపనిని బాగుచేసేవాళ్లలో రెండు పక్షాలున్నాయి. ఒక పక్షం పాత పాలిష్ అంతా గీకేసి, ఉప్పు కాగితం పట్టి, కొత్త పూత వేసి యంత్రాన్ని పెళ్లికూతుర్ని చేస్తుంది. ఇంకో పక్షం మురికి తుడవడానికి కూడా జంకుతుంది. పగిలిన పూతా, ఊడిన అంచూ అన్నీ చరిత్రేనంటుంది. ఈ తగువు ఫోనోగ్రాఫుల కన్నా పాతది. కట్టడాల విషయంలో ఆంగ్ల కళా విమర్శకుడు జాన్ రస్కిన్ 1849లోనే పునరుద్ధరణ అనేదే అబద్ధమన్నాడు. ఫ్రాన్సులో వాస్తుశిల్పి వయొలే ల్ ద్యూక్ సరిగ్గా అందుకు ఎదురు దారిలో నడిచాడు. కానీ ఫోనోగ్రాఫు దగ్గరికొచ్చేసరికి రెండు పక్షాలూ తప్పు ప్రశ్నే వేసుకుంటున్నాయని నా అభిప్రాయం. ఇద్దరూ పాలిష్ గురించే మాట్లాడతారు. ఆ చెక్క యంత్రంలో ఏం పని చేస్తోందో ఎవరూ అడగరు.

అడిగి చూద్దాం. అందుకు రెండు యంత్రాలు చాలు, రెండూ అమెరికాలోని న్యూజెర్సీవే. ఒకటి ఎడిసన్ 1898లో 20 డాలర్లకు అమ్మకానికి పెట్టిన 'స్టాండర్డ్' ఫోనోగ్రాఫు. రెండోది కామ్డెన్ ఊళ్లోని విక్టర్ కంపెనీ 1906లో 200 డాలర్లకు తెచ్చిన విక్ట్రోలా. తర్వాత వచ్చిన 100 డాలర్ల పదకొండో నంబరు విక్ట్రోలా మధ్యతరగతి ఇళ్లలోకి బాగా పాకింది. ఈనాడు సేకర్తల చేతికి ఎక్కువగా దొరికేవాటిలో అదొకటి.

ఎడిసన్ స్టాండర్డ్‌లో చెక్కకు శబ్దంతో పెద్దగా పని లేదు. మైనపు సిలిండరు గాడిలో మొన కదులుతుంది, దానికి తగిలించిన పలుచటి పలక అదురుతుంది, ఆ ధ్వని నేరుగా పైకి పొడుచుకొచ్చిన బాకాలోకి పోతుంది. కింది పెట్టెలో ఉన్నదల్లా కీ ఇస్తే తిరిగే స్ప్రింగు మోటారు. దాని మీద నల్లరంగు ఇనుప పలక, అంచు వెంబడి సన్నటి బంగారు గీత. ఆ పలకను కీళ్ల మీద పైకెత్తితే మోటారు కనిపిస్తుంది. పెట్టెను అలాగే వదిలేసి మోటారును మాత్రం బాగుచేసినా పాటలో తేడా రాదు. మరి పెట్టె ఎందుకున్నట్టు? మోటారుకు దుమ్ము పట్టకుండా, ఇంకా, ఇది ఎవరిదో చెప్పడానికి.

ఆ రెండో పని చేసేది డెకాల్, అంటే చెక్క మీద అతికించిన అచ్చు. పెట్టె ముందువైపు ఓక్ చెక్క మీద బంగారు రంగులో ఎడిసన్ పేరు ఉంటుంది. దుంగను నాలుగు పాయలుగా చీల్చి, ఒక్కో పాయను మధ్య నుంచి బయటికి పలకలు కోస్తే ఓక్ మీద అడ్డంగా మెరిసే చారలు తేలతాయి. ఆ చారల మీద ఈ అక్షరాలు. వందేళ్ల పొగా, చేతుల జిడ్డూ కలిసి పెట్టె నల్లబడినప్పుడు, బాగుచేసేవాడి చేయి ముందుగా స్పిరిట్ సీసా మీదికి పోతుంది. మిగతా చోట్ల నలుపు వదులుతుంది, చెక్క తేనెరంగు తిరుగుతుంది, వాడికి హుషారొస్తుంది. అదే గుడ్డ డెకాల్ మీదికి పోయిందా, బంగారం చెక్కను వదిలి గుడ్డకు అంటుకుంటుంది. ఒక్క తుడుపు చాలు. కొత్త డెకాళ్లు బజార్లో అమ్ముతారన్నది నిజమే. కానీ వందేళ్ల చెక్క మీద నిన్న అచ్చేసిన పేరు అతికించినట్టు దూరం నుంచే తెలిసిపోతుంది. ఓక్ చారలు ఎంత బాగా మెరిస్తే అది అంత ఎబ్బెట్టుగా కనిపిస్తుంది.

మూత సంగతి వేరు. పైన వంపు తిరిగిన మూతకు మధ్యలో ఒక పిడి ఉంటుంది. ఇనుము నిండిన యంత్రం బరువంతా ఆ పిడి మీదే మోసుకెళ్లారు. మూత అతుకులు వదిలేది అందుకే. అక్కడ బంక వేయడం చరిత్రను చెరపడం కాదు. ఎడిసన్ పెట్టె మీద ధైర్యంగా చేయదగ్గ పని దాదాపు ఇదొక్కటే. మిగతాదంతా దూది, ఓపిక, చివర కొంచెం మైనం.

ఇప్పుడు విక్ట్రోలా. విక్టర్ అధిపతి ఎల్‌డ్రిడ్జ్ జాన్సన్ బాకాను వంచి బీరువా కడుపులోకి తోసేశాడు. ఆలోచన మెకానిక్ అయిన జాన్సన్‌దే అయినా మొదటి బీరువాలు చేసింది ఫిలడెల్ఫియాలోని పూలీ అనే ఫర్నిచర్ కంపెనీ. సంగీతయంత్రం పియానో పక్కన నిలబడే గృహోపకరణమైంది. సూదీ, అదిరే పలకా ఉండే సౌండ్‌బాక్స్ నుంచి వచ్చిన ధ్వని లోహపు చేయి గుండా దిగి, పోత ఇనుప వంపులో మలుపు తిరిగి, చెక్క బాకాలో వెడల్పై, ముందున్న చిన్న తలుపుల్లోంచి గదిలోకి వస్తుంది. తలుపులు తెరిస్తే పాట గట్టిగా, మూస్తే మెల్లగా. అంటే ఇక్కడ చెక్కే వాద్యం. బాకా అతుకు వెంట్రుకవాసి విడిచినా ఒక స్వరం దగ్గర జీర పలుకుతుంది, దాని పక్క స్వరం దగ్గర పలకదు. సౌండ్‌బాక్స్ విప్పి రబ్బరు మార్చి, మళ్లీ మార్చి, అయినా జీర పోక తల పట్టుకునేవాళ్లు చాలామంది. తప్పు చాలాసార్లు కిందే, ఎండిపోయిన బంకలో ఉంటుంది.

అందుకే విక్ట్రోలా దగ్గర చేయి ముడుచుకు కూర్చునే పక్షాన్ని నేను ఒప్పుకోను. వదులైన అతుకును 'కాలం జాడ' అని వదిలేయడం పగిలిన వీణకుండను చరిత్ర పేరుతో వదిలేయడమే. అతుకు విప్పాలి, పాత బంక తీయాలి, మళ్లీ బిగించాలి. ఏ బంకతో అన్నది ముఖ్యం. ఆనాటి వడ్రంగులు వాడింది పశువుల తోలు ఉడికించి తీసిన బంక. గోరువెచ్చటి నీళ్లు తగిలితే మెత్తబడి వదులుతుంది, కాబట్టి రేపు ఇంకొకరు విప్పుకోవచ్చు. ఇప్పటి తెల్ల బంక పెట్టి బిగిస్తే అలా విప్పుకోవడం కష్టం, ఎపాక్సీ పెడితే దాదాపు అసాధ్యం. పైపై పాలిష్ ఎంత అందంగా చేసినా ఈ ఒక్క విషయంలో తొందరపడ్డ పనివాణ్ణి మంచి పనివాడనలేను.

అలాగని గీకేసే పక్షానికి విక్ట్రోలా మీద పూర్తి హక్కు ఉందా? లేదు. మహాగని చెక్కకు సన్నటి రంధ్రాలుంటాయి. ఫ్యాక్టరీలో వాటిని రంగు కలిపిన లప్పంతో పూడ్చి, పైన అద్దంలాంటి నునుపు తెచ్చారు. ఘాటు రసాయనం పూసి గీకితే పాత పూతతోపాటు ఆ లప్పమూ లేచొస్తుంది. దాని మీద ఎన్ని పూతలు వేసినా రంధ్రాల్లోకి దిగిపోతాయి, చెక్క మశూచి మచ్చల మొహంలా తేలుతుంది. పైన అతికించిన పలుచటి చెక్క పొరతో, అంటే వెనీర్‌తో, ఇంకో చిక్కు. అది మిల్లీమీటరు మందం కూడా ఉండకపోవచ్చు. మూలల దగ్గర ఉప్పు కాగితం నాలుగుసార్లు ఎక్కువ తిరిగితే చాలు, కింది పాలిపోయిన చెక్క బయటపడుతుంది. ఆ తర్వాత ఏం చేసినా అది అతుకులబొంతే. ఇక రంగు మాట. ఆ రోజుల్లో మహాగనికి ఎర్రటి వన్నె ఇష్టపడ్డారు. ఈనాటి డ్రాయింగ్ రూముల్లో గోధుమరంగు నప్పుతుందని మార్చేవాళ్లున్నారు. అది బాగుచేయడం కాదు, అలంకరణ.

ఇంతకన్నా ఘోరం ఒకటుంది. మోటారు, బాకా పీకేసి లోపల మందు సీసాలు పేర్చుకునే అలమరాగా మార్చిన విక్ట్రోలాలు అమెరికాలో కొల్లలు. వాటి చెక్కపని కొన్నిసార్లు నిజంగా చూడముచ్చటగా ఉంటుంది. పాలిష్ ఒక్కటే కొలత అనుకుంటే వీటికే మొదటి మార్కులు వేయాలి.

పూత సంగతి తేల్చకుండా రెండింట్లో దేన్నీ ముట్టుకోకూడదు. మూత లోపలి అంచునో వెనకభాగంలోనో దూదితో ఒక చుక్క స్పిరిట్ పెట్టి చూస్తే కొంత తెలుస్తుంది. జిగటగా మెత్తబడితే అది లక్క పూత. మెత్తబడకపోతే వార్నిషో, ఇంకోటో. నిలువునా బీటలు వారిన లక్కపూతను గీకాల్సిన పనే లేదు. స్పిరిట్‌లో పలుచగా కలిపిన లక్కను మెత్తటి కుంచెతో పూస్తే పాత పూత కొంత కరిగి, బీటల్లోకి జరిగి, మళ్లీ ఒకటవుతుంది. అదే పదార్థం, అదే చెక్క, కొత్తగా చేర్చింది చాలా తక్కువ. రెండు పక్షాల మధ్య ఇంత తేలికైన రాజీ ఉన్నా రెండూ దాన్ని పట్టించుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. తిరిగే అంకుడు కర్రకు లక్క ముద్ద ఒత్తితే ఒరిపిడి వేడికి కరిగి పరుచుకుంటుంది. అక్కడ వేడి చేసే పని ఇక్కడ స్పిరిట్ చేస్తుంది. ఇందులో మనకు ఇంకో వాటా కూడా ఉంది. ప్రపంచానికి లక్కను ఎక్కువగా పంపింది భారతదేశమే. విక్టర్ ప్లేట్లలో కలిసిందీ, ఎన్నో బీరువాల పైన మెరిసిందీ ఆ లక్కే. ఎడిసన్ సిలిండర్లలో మాత్రం లక్క కాదు, మైనంలాంటి ముద్ద, తర్వాత సెల్యులాయిడ్.

ఎడిసన్ కూడా 1909లో జాన్సన్ దారికే వచ్చి, బాకాను లోపల దాచిన ఆంబెరోలాను తెచ్చాడు. కాబట్టి పేరు చూసి నియమం పెట్టుకోవడం కుదరదు. ఆంబెరోలా మీద ఎడిసన్ పేరున్నా, దాని చెక్కకు విక్ట్రోలా లెక్కే వర్తిస్తుంది.

మన దగ్గర హోటళ్ల లాబీల్లో ధగధగలాడే ఇత్తడి బాకా, కుక్కబొమ్మ డెకాల్, ముట్టుకుంటే చేతికంటే కొత్త రంగు ఉన్న గ్రామఫోన్లు కనిపిస్తుంటాయి. వాటిలో చాలావరకు ఈ మధ్య అతికించి తయారుచేసినవే. వాటికి పునరుద్ధరణ అనే ప్రశ్నే లేదు, కావాలంటే రోజూ బ్రాసో పెట్టుకోండి. మన పాత ఇళ్లలో నిజంగా మిగిలినవి ఎక్కువగా రెక్సిన్‌లాంటి తొడుగున్న హెచ్‌ఎంవీ పెట్టె గ్రామఫోన్లు. 1931లో వచ్చిన 102 మోడల్ అలాంటిది. దానికి చెక్క పాలిష్‌తో సంబంధం లేదు, ఆ చర్చ వేరు.

అసలు సిసలు చెక్క యంత్రం మీ ఇంట్లో ఉంటే, బాగుచేయడానికి ఎవరికైనా ఇచ్చేముందు దాని బాకా ఎక్కడుందో చూడండి. బాకా బయట ఉంటే డెకాల్‌కు స్పిరిట్ తగలనివ్వనని పనివాడి దగ్గర మాట తీసుకోండి. లోపల ఉంటే ఏ బంక వాడతాడో అడగండి. జవాబు ఎపాక్సీ అయితే యంత్రాన్ని వెనక్కి తెచ్చేసుకోండి.