జెనో గ్రంథము - లేని దీవులు, వాని ప్రజలు

1558వ సంవత్సరమున వెనీసు నగరమందు ఒక చిన్న గ్రంథము వెలువడెను. దానిని ప్రకటించినవాడు ఆ నగరపు కులీనుడగు నికోలో జెనో. తన పూర్వులైన నికోలో, ఆంటోనియో అను సోదరులు పదునాలుగవ శతాబ్దపు చివర ఉత్తర సముద్రమునకు పోయి, ఫ్రిస్లాండు మొదలగు హిమశీతల ద్వీపములను చూచి ఇంటికి లేఖలు వ్రాసిరనియు, వానిని తాను బాల్యమున విలువ యెరుగక చించివేయగా మిగిలిన తునుకలనుండి ఈ కథ కూర్చితిననియు అతడు చెప్పుకొనెను. ఈ ఒప్పుకోలు మిగుల నేర్పుగలది. మూలమేదని యడుగువానికి ప్రత్యుత్తరము ముందే సిద్ధముగా నున్నది. చినిగిన ఆకొకటి చూపి తాళపత్ర గ్రంథమంతయు నమ్మింపజూచువారు మన దేశమునను లేకపోలేదు.

గ్రంథముతో ఒక పటము కూడ వెలువడెను. అందు ఫ్రిస్లాండు ఐస్లాండునకు దక్షిణమున పెద్ద దీవిగా నిలిచినది. మెర్కేటరు 1569లో తన ప్రపంచపటమున దానిని చేర్చెను. ఓర్టీలియసు 1570లో చేర్చెను. ఆంగ్ల నావికుడు ఫ్రోబిషరు 1578లో గ్రీన్లాండు తీరమున దిగి, అదియే ఫ్రిస్లాండని తలచి, రాణి పేర స్వాధీనపరచుకొని పశ్చిమ ఇంగ్లండని నామకరణము చేసెను. లేని దీవి పేరు ఉన్న నేలమీద పడినది. అచ్చటివారిని అడిగినవారు లేరు.

కథ కల్పితమనుటకు ఆధారములు బలవత్తరములు. పెద్ద నికోలో 1380లో ఓడ పగిలి ఫ్రిస్లాండు చేరి, వెనీసుకు మరలక అక్కడనే మృతినొందెనని గ్రంథము చెప్పును. వెనీసు నగరపు పత్రములను బట్టి ఆతడు 1390 మొదలు 1392 వరకు గ్రీసునందలి మొడోన్, కొరోన్ రేవులకు సైనికాధికారిగా నుండి, 1394లో ధనాపహరణ నేరమునకు విచారణకు గురియయ్యెను. ఇక పటమందలి పేర్లలో కొన్ని ఫారో దీవులను తలపించును: దక్షిణపు కొననున్న మొనాకో, అచ్చటి సన్యాసి యను పేరుగల శిలయే కావచ్చును. 1898లో ఫ్రెడరిక్ లూకసు ఈ గ్రంథము పూర్వపు పుస్తకములనుండియు పటములనుండియు అల్లిన మోసమని సవిస్తరముగా నిరూపింప యత్నించెను. కొలంబసుకు నూరేండ్లు ముందే వెనీసువారు పడమటి నేలల వార్త యెరుగుదురని చాటుటవలన ఆ నగరమునకు కలుగు గౌరవమెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఐనను అసత్యమని తేలినంతమాత్రమున గ్రంథవిమర్శ ముగియదు. కల్పనగా దాని విలువ యెంత? ఎంగ్రోనెలాండులోని సన్యాసుల మఠవర్ణనము నిక్కముగా రమణీయము. అగ్నిపర్వతము చెంతనుండి వేడినీటి ఊట గొట్టములద్వారా గదులలోనికి వచ్చును. నీరు చేర్చకయే ఇత్తడి పాత్రలలో నుంచిన రొట్టె ఆ వేడికే కాలును. మంచు కురియు కాలమున కప్పులుగల తోటలలో పూవులు, పండ్లు కలుగును. వంటయిల్లు తెలిసినవాడు వ్రాసినట్లున్నది. కాని ఆ దేశపు జనులు? సన్యాసులను దేవతలుగా తలచి కోళ్లు, మాంసము తెచ్చి యిచ్చుట తప్ప వారికి వేరు పనిలేదు. వెనీసువాడు చూచి ఆశ్చర్యపడుటకు నీరును, వెనీసువారిని చూచి ఆశ్చర్యపడుటకు జనులును! ఇది గ్రంథమునకు పెద్ద లోపము. ఫ్రిస్లాండున నికోలోను రక్షించిన ప్రభువు జిక్మ్ని సైతము మొదటి మాట లాటినునందే పలికెను. ఎస్టోటిలాండను నేలయందు రాజు గ్రంథాలయమున లాటిను పుస్తకములు గలవట, వానిని చదువగలవారు మాత్రము లేరట. గ్రంథకర్తకు అన్య భాష యనగా తన భాషను మరచిన స్థితియే కాబోలు.

ఒక్కచోట మాత్రము కథ కర్త చేయి దాటిపోయినది. జిక్మ్ని ఇకారియా దీవికి పోగా, దీవివారు పది భాషల దుబాసీలను ఎదురు పంపిరి. ఐస్లాండువాని మాట తప్ప తక్కినది ఓడవారికి తెలియలేదు. దీవివారు చెప్పినదిది: మీలో ఒక్కని మాత్రము మా యొద్ద నుంచుడు, ఆతనిని గౌరవించెదము, మీ భాషయు ఆచారములును ఆతనివలన నేర్చెదము, పది దేశములవారిని ఇట్లే చేర్చుకొంటిమి. పాలింపవచ్చినవానిని తిరస్కరించి, నేర్పువానిని కోరిన జనము! పొరుగు భాషల నడుమ తరతరములుగా నివసించువారు ఈ ఘట్టమును తేలికగా దాటిపోజాలరు. గ్రంథమంతట ద్వీపవాసులు తమ యిచ్ఛ తాము చెప్పినది ఇక్కడనే.

ఇంతటి ఘట్టమును కర్త నిలుపలేకపోయెను. జిక్మ్ని వెనుదిరిగి వేరొక రేవున దిగజూడగా, దీవివారు గుట్టలవెంట కేకలు వేయుచు, బాణములు విడుచుచు ఓడలను వెంబడించిరి. క్షణముక్రిందటి మర్యాదస్థులు అడవిమనుష్యులైరి. పది భాషల పేరెత్తిన గ్రంథమున ఇకారియావారి సొంత భాషయందలి ఒక్క వాక్యమైనను వినబడదు. ఓడ పడమటికి సాగిపోవును. మరల ఆ దీవి ప్రస్తావన కథలో రాదు.