నడక మీద మోపిన బరువు

ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున్నే నాతో నడిచే ఆమె ఈ వారం నడక మానేసింది. కాళ్ల నొప్పులు లేవు, బదిలీ కాలేదు, ఇంట్లో ఎవరికీ ఒంట్లో బాగాలేక కాదు. ఆర్ట్స్ కాలేజీ ముందు ఆగి, తలకు కట్టుకున్న స్కార్ఫు విప్పుతూ చెప్పింది. "ఏం లాభం అక్కా? రాత్రి అన్నం బంద్ చేసిన. స్వీట్లు ముడ్తలేను. దినాం గంట నడుస్తున్న. కాటా మీద కిలో గూడ దిగలే. గీ గంట పండుకుంటెనన్న పాణానికి సుఖముంటది."

ఆ మాట నన్ను వారమంతా వదల్లేదు. యాభై రెండేళ్ల మనిషి. బ్యాంకు కౌంటర్‌లో పని, ఇంట్లో రెండు పూటల వంట, అత్తగారి మందుల పెట్టె, కొడుకు ఉద్యోగం గురించిన బెంగ. ఇన్నింటి మధ్య రోజుకో గంట తనకోసం సంపాదించుకుంది. ఎండలోనూ చలిలోనూ వదల్లేదు. ఆ గంట మీద ఆమెకు నమ్మకం పోగొట్టింది బాత్రూమ్ పక్కన నేల మీదుండే ఒక చిన్న యంత్రం. నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు.

ఇది ఆమె ఒక్కదాని సంగతీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో బీఎంఐ 25కు చేరినవాళ్లు, దాటినవాళ్లు తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. యాభై దాటినవాళ్లు ఆ లెక్కలోనే లేరు. ఇంతమందికున్న ఇబ్బందిని ఒక్కొక్కరి నోటి చాపల్యం కింద జమకట్టడం అన్యాయం. అయినా పెళ్లికి పోతే చాలు, పలకరింపు కంటే ముందు "ఒళ్లు చేసినవ్" అనే మాట వస్తుంది. అన్నవాళ్లు ఆ మాట అక్కడే మర్చిపోతారు. పడ్డవాళ్లు మర్నాటి నుంచి ఒక పూట తిండి మానేస్తారు.

మన ఇళ్లలోకి ఎన్ని డైట్లు వచ్చి వెళ్లాయో ఈ కాలమ్ చదివేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కొబ్బరి నూనె, నిమ్మకాయల రోజులు. తర్వాత కొర్రలు, అండుకొర్రలు, సామలు. ఇప్పుడు పదహారు గంటల ఉపవాసం. ప్రతి దానితోనూ తగ్గినవాళ్లున్నారు. నాకు తెలిసినవాళ్లలో చాలామంది రెండేళ్లు తిరిగేలోపు మళ్లీ మొదటికొచ్చారు. ఇందులో మనోబలం ప్రసక్తి తక్కువ. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు తిండి సగం దాకా కోసి చూశాడు. వాళ్లంతా తమంతట తాము ముందుకొచ్చినవాళ్లే. కొన్ని వారాలకే ఆ కుర్రాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు పోగేసుకుని చదివేవాళ్లు. ఒళ్లు చల్లబడింది, గుండె నెమ్మదించింది. తిండి తగ్గితే దాన్ని కరువుగా భావించి ఖర్చు తగ్గించుకోవడం శరీరానికి పుట్టుకతో వచ్చిన తెలివి. డైట్ చేస్తున్నామని మనకు తెలుసు, దానికి తెలియదు.

నడిచినా తగ్గలేదన్న మాట వచ్చినప్పుడల్లా మా పాలమూరులో చెప్పే జవాబు ఒకటుంది. "ఎన్కటోళ్లు ఎంత తిన్నా లావు కాలే, ఎందుకంటే కష్టం జేసిన్రు." ఈ మాట చెప్పేవాళ్లందరి మనసులో ఒక అమ్మమ్మ ఉంటుంది. నా మనసులోనూ ఉంది.

అమ్మమ్మ కోడి కూయకముందే ఇసుర్రాయి ముందు కూర్చునేది. ఒక కాలు చాపి, ఇంకోటి మడిచి. కింద పాత చీర ముక్క పరిచేది. ఎడమ చేత్తో పిడికెడు జొన్నలు పై రాయి నడిమి బొక్కలో పోస్తూ, కుడి చేత్తో కర్ర పిడి పట్టుకుని తిప్పేది. తిప్పేది చెయ్యి ఒక్కటే కాదు. నడుము, వీపు, భుజం అన్నీ కలిసి ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు పోయేవి. రాళ్ల మధ్య నుంచి పిండి చుట్టూ పల్చగా రాలేది. రాయి అరిగి నున్నబడితే ఉలితో మళ్లీ గరుకు చేయించేది. నేను పిడి పట్టుకుంటే మూడు చుట్లకే మోచెయ్యి లాగేది. ఆమె ముంజేతి మీద, గాజులకు పైన, తాడులా ఒక కండ లేచి దిగుతుండేది. నాకు ఆమె ముఖం కంటే ఆ కండ బాగా గుర్తు.

పిండయ్యాక మరిగే నీళ్లు పోసి, అరచేతి మడమతో ఒత్తి ఒత్తి పిసికి, పీట మీద రొట్టె కొట్టేది. ఆ చప్పుడుకే నిద్ర లేచేవాళ్లం. తర్వాత బాయికి పోయి చేదతో నీళ్లు తోడి, నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకొచ్చేది. ఆ తర్వాత చేను. చేన్లో రోజంతా వంగి కలుపు తీసేది. సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ పొయ్యి ముందు గొంతుక్కూర్చునేది. డెబ్బై దాటాక కూడా నేల మీద నుంచి లేచేటప్పుడు ఆమె చెయ్యి ఆనించగా నేను చూడలేదు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని ఒక్క ఊపులో లేచి నిలబడేది. చివరిదాకా సన్నగానే ఉంది.

ఇసుర్రాయి పోయి పిండిమర వచ్చింది, బాయి పోయి నల్లా వచ్చింది, చేను పోయి కుర్చీ వచ్చింది, అందుకే మనం ఇలా అయ్యామన్నది మా ఊరి లెక్క. వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో! ఆ లెక్క ప్రకారం మా బ్యాంకామె గంట చాలక తగ్గలేదు, ఇంకో గంట నడవాలి.

ఆ లెక్కను కొలిచి చూసినవాళ్లున్నారు. టాంజానియాలో హడ్జా అనే జాతి ఉంది. ఇప్పటికీ వేటాడి, గడ్డలు తవ్వుకుని బతికేవాళ్లు. ఆడవాళ్లు గట్టి నేలను కర్రతో తవ్వి గడ్డలు తీస్తారు, బిడ్డనూ కట్టెలనూ మోస్తూ మైళ్లు నడుస్తారు. హెర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్త బృందం వాళ్లు రోజుకు ఎన్ని క్యాలరీలు ఖర్చు చేస్తారో కొలిచింది. గుర్తుపట్టే పరమాణువులున్న నీళ్లు తాగించి, అవి మూత్రంలో ఎంత వేగంగా బయటికొస్తున్నాయో చూసి లెక్కగట్టే పద్ధతి అది. 2012లో ఫలితం వచ్చింది. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, హడ్జావాళ్ల రోజువారీ ఖర్చు కుర్చీల్లో కూర్చునే అమెరికన్ల ఖర్చుకు దాదాపు సమానం. ఎక్కువ కష్టపడే శరీరం మిగతా పనుల మీద పెట్టే ఖర్చును తగ్గించుకుని మొత్తాన్ని సర్దుకుంటుందని వాళ్ల వివరణ.

ఇది చదివాక నేను అమ్మమ్మ గురించి మళ్లీ మొదటి నుంచి ఆలోచించాల్సి వచ్చింది. ఆమె సన్నగా ఉన్నది ఇసుర్రాయి వల్ల కాదు. పొద్దున అంబలి, మధ్యాహ్నం రెండు రొట్టెలు, తొక్కు, రాత్రి గట్క, పచ్చిపులుసు. వానలు పడని ఏడాది అదీ తక్కువే. వరి అన్నం పండుగకే. ఎంత తిన్నా లావు కాలేదన్నది అబద్ధం. ఆమెకు ఎంతో తినే యోగం ఎప్పుడూ లేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలితో పడుకునే ఇళ్లలో అది పెద్ద మేలు, దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు. బోర్లు పడ్డాయి, వరి పెరిగింది, పండుగ అన్నం రోజూ అన్నమైంది. ఒక తరం దాటేసరికి మూడు పూటలా పళ్లెం తెల్లబడింది, కూర అన్నంలో కలుపుకోవడానికి సరిపడా మాత్రమే మిగిలింది.

మరి నలభై దాటితే మెటబాలిజం పడిపోతుంది గదా అంటారు. అదే పాంట్జర్ మరెంతోమంది పరిశోధకులతో కలిసి 2021లో 29 దేశాలకు చెందిన 6,400 మందికి పైగా మనుషుల లెక్కలు ప్రచురించాడు. శరీర పరిమాణాన్ని సరిచూస్తే ఇరవై నుంచి అరవై ఏళ్ల దాకా ఖర్చు నిలకడగానే ఉంది. మెనోపాజ్ దగ్గర కూడా పడిపోలేదు. తగ్గుదల అరవై తర్వాతే. మధ్య వయసులో మారేది వేరు. కండ ఏటా కొంచెం కొంచెం పోతుంది. ఈస్ట్రోజెన్ తగ్గాక కొవ్వు తొడలు, పిరుదుల నుంచి పొట్టకు మారుతుంది. నిద్ర చెదురుతుంది. థైరాయిడ్ మందగించి ఉండొచ్చు. కొన్ని షుగరు మందులు, స్టెరాయిడ్లు బరువు పెంచుతాయి. ఏ డైటూ మొదలుపెట్టకముందే వీటిని పరీక్ష చేయించుకోవాలని నేను ఎప్పట్నుంచో పోరుతున్నాను.

బ్యాంకామెను ఇంకో సంగతి అడిగాను, రాత్రి అన్నం మానేసి ఏం తింటున్నావని. బొప్పాయి ముక్కలు, రెండు మారీ బిస్కెట్లు. అంటే అన్నంతోపాటు పప్పు, పెరుగు కూడా పళ్లెంలోంచి పోయాయి. మన వంటలో పప్పు అన్నాన్ని పట్టుకుని బతుకుతుంది, విడిగా గిన్నెలో వేసుకుని తినే అలవాటు లేదు. కండను కాపాడే తిండిని ఆమె చేతులారా తీసేస్తోంది. తిండి కోసినప్పుడు పోయే బరువులో కొవ్వుతోపాటు కండ కూడా ఉంటుంది. మళ్లీ బరువు పెరిగినప్పుడు ఆ కండ అంత సులువుగా తిరిగి రాదు. మా క్యాంపస్ పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజు క్యాలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంది. మనం తినేది 50 నుంచి 70 శాతం. అన్నం తగ్గాలి, నిజమే. కానీ ఆ ఖాళీలోకి రావాల్సినవి పప్పు, గుడ్డు, చేప, పెరుగు, కూర.

నా పాత పోరు ఇక్కడా ఎత్తక తప్పదు. ఇంటిల్లిపాదీ తిన్నాక పదింటికి కూర్చునే ఆడమనిషి గిన్నెలో కూర ఉండదు, అడుగున చారు, మిగిలిన అన్నం ఉంటాయి. పారేయలేక ఆ అన్నమే తింటుంది. అందరితోపాటు ఆమె పళ్లెం కూడా ముందే వడ్డిస్తే చాలు. ఎన్ని డైట్లు చేసినా రాని మేలు అది ఇస్తుంది. నేనీ మాట రాసినప్పుడల్లా మగవాళ్లు ఉత్తరాలు రాసి మా ఇంట్లో అలా లేదంటారు. ఒకసారి రాత్రి పదింటికి వంటింట్లోకి వెళ్లి చూడమని మళ్లీ మళ్లీ అడుగుతాను.

ఇంత చెప్పాక, కాటాను మూలన పడేసి ఒంటిని దాని మానాన వదిలేయమని అంటానని మీరు అనుకోవచ్చు. అనలేను. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. మన ఒళ్లు సన్నగా కనిపిస్తూనే పొట్టలో కొవ్వు దాచుకుంటుంది. అందుకే మనకు హద్దులు కిందికి జరిపారు. బీఎంఐ 23 దాటితే బరువెక్కువ కిందే లెక్క. నడుము ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. ఈ నిజాన్ని కప్పిపుచ్చి ఎవరినీ ఓదార్చను. 2025లో మన దేశానికి వచ్చిన మౌంజారో లాంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు అవసరమైనవాళ్లకు డాక్టరు రాస్తే తప్పేమీ లేదు, అది బలహీనత కాదు. మానేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుందనీ, వాడినన్నాళ్లూ కండ కాపాడుకోవాలనీ తెలిసి వాడాలి, అంతే.

నా గొడవ ఒక్కదాని గురించే. బరువు సంగతి తేలేది ఎక్కువగా పళ్లెంలో. ముప్పావు గంట చురుగ్గా నడిస్తే అయ్యే ఖర్చు దాదాపు 200 క్యాలరీలు, ఒక మసాలా దోసె అంతకన్నా ఎక్కువే. నడక చేసే పని వేరు. కదిలే కండ రక్తంలోంచి చక్కెరను నేరుగా లాక్కుంటుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయనివాళ్లలో కూడా. బీపీ దిగుతుంది, నిద్ర పడుతుంది, కాటా కదలకపోయినా పొట్ట లోపలి కొవ్వు కరగొచ్చు. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా నిలబెట్టేదీ అదే. వీటిలో ఒక్కటీ బాత్రూమ్ పక్కనున్న యంత్రంలో కనిపించదు. చేస్తున్న మేలు కనిపించక, చేయలేని పనికి నడకను దోషిని చేసి, ఎంతమంది మానేస్తున్నారో!

నడక ఒక్కటే చాలదు కూడా. వారానికి కనీసం 150 నిమిషాల కదలికతోపాటు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆ రెండో సగం మన ఆడవాళ్లకు ఎవరూ చెప్పరు. అమ్మమ్మకు ఇసుర్రాయి, బిందె ఇచ్చింది అదే. ఆమె సన్నదనం పేదరికం వల్ల వచ్చింది, అది నాకు వద్దు. డెబ్బై దాటాక నేల మీద నుంచి ఒక్క ఊపులో లేచే బలం కావాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు పెట్టి తోయడం, రెండు నీళ్ల సీసాలు ఎత్తడం, వీటితో ఎవరైనా ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. పార్కుల్లో ఓపెన్ జిమ్‌లు పెట్టారు. వాటి మీద ఆడవాళ్లు మొహమాటం లేకుండా కూర్చునేలా ఓ గంట కేటాయిస్తే ఇంకా మంచిది. కండ పెరిగి కాటా మీద కిలో ఎక్కితే ఎక్కనివ్వండి, నడుము చుట్టూ టేపు పెట్టి చూసుకోండి.

ఇది చదివే డాక్టర్లకు ఒక విన్నపం. మీ చీటీ మీద "నడవండి, బరువు తగ్గండి" అని ఒకే లైన్లో రాస్తున్నారు. దాన్ని రెండు లైన్లు చేయండి. తిండి గురించి ఒక లైను, పళ్లెంలో ఏది తగ్గాలో, దాని చోట ఏది రావాలో పేర్లతో సహా. నడక, బలం గురించి ఇంకో లైను. ఆ రెండో లైను పక్కన కిలోల మాట రాయకండి.