స్తంభాలు లేని సభామండపం: పీఠిక

మాదాపూర్‌లోని హైదరాబాదు అంతర్జాతీయ సమావేశ కేంద్రపు నిర్మాణరీతిని సాంగోపాంగంగా వివరించే ఈ గ్రంథానికి పీఠిక వ్రాయవలసిందని చిరంజీవి గ్రంథకర్త విద్యానగర్‌లోని మా యింటికి వచ్చి కోరినప్పుడు, నిస్సంకోచంగా అంగీకరించాను. ప్రదర్శనశాలలకూ మా ఉస్మానియా విశ్వవిద్యాలయానికీ ఉన్న బాంధవ్యం ఈనాటిది కాదు. 1938లో స్వదేశీ ఉత్పత్తులను జనసామాన్యానికి పరిచయం చేయవలెనన్న సంకల్పంతో పబ్లిక్ గార్డెన్స్‌లో తొలి నుమాయిష్‌ను నెలకొల్పినవారు ఉస్మానియా పట్టభద్రులే. అది నాంపల్లి మైదానానికి తరలినది 1946లో. ఏటేటా వెలసి ఏటేటా తరలిపోయే ఆ అంగళ్ల పరంపరకే సమావేశ కేంద్రమూ, దాని సరసనున్న హైటెక్స్ ప్రదర్శనశాలలూ స్థిరరూపాలని గ్రంథకర్త చేసిన ప్రతిపాదన నాకు సమ్మతమే.

నుమాయిష్ పుట్టిన ఏటికి మా ఆర్ట్స్ కళాశాల భవనం ఇంకా పూర్తి కాలేదు. జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా దేశదేశాల విద్యాపీఠాలను పరిశీలించి రాగా, బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేయగా, 1934 జులై 5న శంకుస్థాపన జరిగి 1939 డిసెంబరు 4న ప్రారంభమైన ఆ సౌధంలో, గులాబిఛాయ గల గ్రానైటు మీద ఉలి నడిచిన జాడ కనిపిస్తూనే ఉంటుంది. తార్నాక వైపు నుండి వచ్చే ఏ విద్యార్థియైనా, చూడదలచుకుంటే, ఆ శ్రమను చూడగలడు.

2006లో ద్వారాలు తెరిచిన సమావేశ కేంద్రంలో శ్రమ కంటికి ఆనదు. 6,480 చదరపు మీటర్ల ప్రధానమండపంలో ఒక్క స్తంభమైనా లేదు. 2012లో జీవవైవిధ్య సదస్సుకు దేశదేశాల ప్రతినిధులు ఈ కేంద్రానికే వచ్చారు. తలపై కప్పును నిలిపినదేమిటని వారిలో ఎందరు తలయెత్తి చూచి ఉంటారు? మోసే బరువూ దూలపు పరిమాణమూ మారకుండా ఆధారాల నడిమి దూరం రెట్టింపైతే, ఆ దూలం ఎనిమిది రెట్లు వంగుతుంది. స్తంభాన్ని తొలగించడమంటే ఇంత భారాన్ని నెత్తికెత్తుకోవడమే. పైగా ఆ మండపాన్ని ఆరు గదులుగా విభజించవచ్చు. ఇటువంటి కదిలే గోడలు పైపట్టాలకు వేలాడుతూ జరిగి, తమ స్థానానికి చేరిన పిదప అడుగు అంచును నేలకు దించుకొని పక్కగది మాటను ఆపుతాయి. ఈ ఘట్టాన్ని వర్ణించిన అధ్యాయమే గ్రంథానికి ప్రాణమని నా అభిప్రాయం. గణితం భయపెట్టదు, భాష తడబడదు.

ఒక్క లోపం చెప్పకుండా ఉండలేను. పటాలకు దక్కిన చోటు పనివారికి దక్కలేదు. సెంట్రింగు కట్టినవారు, ఇనుము వంచినవారు, ఎత్తున నిలబడి ఉక్కును అతికినవారు ఒకే పేరాలో ముగిసిపోయారు. ఆ నిర్మాణంలో పాలుపంచుకొన్న మేస్త్రీలు, వెల్డర్లు, ఇంజనీర్లు, వారి కుటుంబీకులు తమ వద్దనున్న ఛాయాచిత్రాలను, జ్ఞాపకాలను గ్రంథకర్తకు అందజేసి, మలిముద్రణను పరిపూర్ణం చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

విద్యానగర్, హైదరాబాదు