పండగ తలంటు చాలదు

భోగికీ నరకచతుర్దశికీ మాత్రమే నూనె ఒంటికి తగిలే ఇళ్లు ఇప్పుడు ఎక్కువ. ఆయుర్వేద గ్రంథమైన అష్టాంగహృదయం దినచర్యాధ్యాయంలో వాగ్భటుడు చెప్పింది పండగ ముచ్చట కాదు, అభ్యంగనం, అంటే ఒంటికి నూనె మర్దన, నిత్యం చేయమన్నాడు. దాని వెంట వ్యాయామం, ఆపైన ఉద్వర్తనం, అంటే మన నలుగు, చివర స్నానం అని వరస పెట్టాడు. ఈ సంప్రదాయం విలువ ఆ వరసలో ఉంది, దాన్ని రోజూ పాటించడంలో ఉంది. ఒంట్లో శోషరసం (లింఫ్) సాగే తీరు చూస్తే ఆ సంగతి స్పష్టమవుతుంది.

రక్తనాళాల నుంచి కణజాలంలోకి ఊరే ద్రవంలో రోజుకు కొన్ని లీటర్లు శోషరసనాళాల గుండానే మెడ దిగువనున్న పెద్ద సిరలకు చేరాలి. ఆ పనికి గుండె వంటి పంపు లేదు. చర్మం కింద మొదలయ్యే సన్నని నాళాలకు సొంత కండరం కూడా ఉండదు. చర్మం కదిలితే, పక్క కండరం బిగిసి సడలితే ద్రవం వాటిలోకి చేరి ముందుకు సాగుతుంది. ఆ తర్వాతి పెద్ద నాళాలు తమంత తామే ముడుచుకుంటాయి, కవాటాలు ద్రవాన్ని వెనక్కి పోనివ్వవు, నిండుగా తీసిన ఊపిరి ఛాతీలోని నాళానికి ఊతమిస్తుంది. వాగ్భటుడి వరస ఈ అవసరాలకు చక్కగా సరిపోతుంది. మర్దన చర్మాన్ని కదిలిస్తుంది. బలంలో సగం మేరకే చేయమన్న వ్యాయామం పిక్కలకూ శ్వాసకూ పని చెబుతుంది. ఉద్వర్తనంలో పిండిని రోమాలకు ఎదురుగా, కింది నుంచి పైకి రుద్దుతారు. కాళ్లలో శోషరసం వెళ్లే దిక్కూ అదే.

ఆరోగ్యవంతుల్లో శోషరసం దానంతట అదే పారుతుండగా ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. మర్దనతో ఒంట్లో విషాలన్నీ పోతాయన్న ప్రచారానికి ఆధారం లేదు. అయితే గంటల తరబడి కుర్చీలో కూర్చునేవారికీ, దుకాణాల్లో నిలబడేవారికీ సాయంత్రానికి పాదాలు బరువెక్కడం కదలిక లేకనే. ఆ లోటు తీర్చేది వరసలోని వ్యాయామం, నూనె దానికి తోడు మాత్రమే. జబ్బు చేసినప్పుడూ ఇంతే. కేరళలోని కాసరగోడ్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అప్లైడ్ డెర్మటాలజీ వైద్యులు బోదకాలు వాపుకు ఒక్క మర్దనను నమ్ముకోలేదు. కాలిని సబ్బుతో కడిగి, మూలికల నీటిలో నానబెట్టి, మృదువుగా మర్దన చేసి, యోగాసనాలూ శ్వాసాభ్యాసమూ చేయించి, బిగువుగా కట్టు కడతారు.

నూనె అందరికీ మంచిదేనా అన్నది మరో సందేహం. కాదు. కఫరోగాల్లో, అజీర్ణంలో అభ్యంగనం వద్దని వాగ్భటుడే హద్దు గీశాడు. కాలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వచ్చినా, ఒక్క కాలే హఠాత్తుగా వాచినా మర్దన జోలికి పోకుండా వెంటనే వైద్యుణ్ని కలవాలి. బోదకాలు ఉన్నవారు వేళ్ల సందులను కడిగి పొడిగా తుడుచుకోవాలి, అక్కడ తేమ నిలిస్తే చర్మం చెడి సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. మిగిలినవారికి ఖర్చులేని దారి ఉంది. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం, మడమలెత్తి దించడం, నిండుగా ఊపిరి తీయడం, వీలైనప్పుడు తేలిక చేత్తో నూనె, నలుగు. సంవత్సరానికి రెండు తలంట్లతో ఆచారం నిలుస్తుందేమో గానీ, దాని ఫలం కావాలంటే రోజూ ఒళ్లు కదలాల్సిందే.