ఎడమకు మోహనం, కుడికి హిందోళం

గిటారు మొదలుపెట్టినవాళ్లను సతాయించే తీగ ఒకటుంది, కింది నుంచి రెండోది. మిగతా తీగలన్నీ పక్క తీగకు శుద్ధ మధ్యమం దూరంలో శ్రుతి చేసి ఉంటాయి. ఆ ఒక్కచోట మాత్రం అంతర గాంధారం దూరం. అందుకే ఒకచోట నేర్చుకున్న కార్డ్ ఆకారం ఆ తీగ దగ్గరికి జరిపితే చెడిపోతుంది, మళ్లీ కొత్త ఆకారం కంఠస్థం చెయ్యాలి. నేను సాధన చేసే చాప్‌మన్ స్టిక్ అనే వాద్యంలో ఆ ఒక్కచోటు లేదు. దాని మీద ఒక ఆకారం వేలికి అబ్బిందంటే ఆ చేతి తీగల మీద ఎటు జరిపినా అదే ఆకారం.

లాస్ ఏంజెలెస్‌లో జాజ్ గిటారు వాయించే ఎమ్మెట్ చాప్‌మన్ 1969 ఆగస్టులో దీన్ని వాయించే పద్ధతి కనిపెట్టారు. తీగను మీటకుండా, వేలితో మెట్టు మీదకు తట్టి పలికించడం అంతకుముందే ఉంది. జిమ్మీ వెబ్‌స్టర్ 1952లోనే దాని మీద పుస్తకం వేశారు. చాప్‌మన్ రెండు చేతుల్నీ మెడకు చెరో పక్క నుంచి తెచ్చి, ఎనిమిది వేళ్లనూ మెట్ల వెంబడి నిలబెట్టారు. దాంతో కుడి ఎడమలు సమానమయ్యాయి. అందుకు తగిన వాద్యం తయారుచేసి 1974 నుంచి అమ్మారు. 2021లో కన్నుమూశారు.

చూడటానికి పొడుగాటి పలక, అంతే. బుర్ర లేదు, పెట్టె లేదు. పది తీగల్లో ఐదు ఎడమ చేతివి, ఐదు కుడి చేతివి. అన్నిటికంటే మంద్రమైన తీగ నడుమ ఉంటుంది. బస్తర్‌లోని బీజాపూర్ నుంచి భోపాలపట్నం పోయే దారిలో ఉన్న మా మద్దేడ్‌లో నేను దీన్ని హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తాను. నాకు వినపడేది సంగీతం, ఇంట్లోవాళ్లకు వినపడేది వడ్రంగిపిట్ట చప్పుడు. పక్కింటి పిల్లవాడు కాసేపు చూసి, "తీగె మీటకుండనే ఎట్ల మోగుతాంది అన్నా?" అని అడిగాడు. హెడ్‌ఫోన్ వాడి చెవులకు పెట్టి, నేను తట్టాను.

బస్తర్‌కు ఇలా రెండు చేతులకూ వేర్వేరు పనిచెప్పే వాద్యం పూర్తిగా కొత్త కాదు. జగదల్‌పూర్, కొండగావ్ వైపు హల్బీ ఊళ్లలో జగార్ కథలు పాడే గురుమాయిలు ధనకుల్ వాయిస్తారు. కుండ మీద చేట, చేట మీద విల్లు. గాట్లు పెట్టిన వింటికర్ర మీద కుడి చేతిలో పుల్లతో గీస్తూ, ఎడమ చేత్తో నారి లాగుతూ, గంటల తరబడి పాడతారు. ఒకే వింటి మీద ఒక్కో చెయ్యి ఒక్కో పని చేస్తుంది. స్టిక్ నేర్వాలంటే కావలసిన మొదటి అలవాటు అదే.

ఇక శ్రుతి సంగతి. ఎడమ చేతి తీగలు ఐదూ నడుమ నుంచి బయటికి పంచమం చొప్పున పైకి వెళ్తాయి. నడుమ తీగ మీద ఏదో ఒక మెట్టు దగ్గర షడ్జం అనుకుంటే, పక్క తీగ మీద అదే మెట్టులో పంచమం, దాని పక్కన అదే మెట్టులో పై స్థాయి చతుశ్రుతి రిషభం. రిషభానికి రెండు మెట్లు ముందు అంతర గాంధారం. స, ప, పై గ: మేజర్ కార్డ్ తయారు. గాంధారం వేలు ఒక మెట్టు వెనక్కి తెస్తే సాధారణ గాంధారం, మైనర్ కార్డ్. నాలుగో తీగ మీద అదే మెట్టు చతుశ్రుతి దైవతం, దానికి ఒక మెట్టు ముందు కైశికి నిషాదం, రెండు మెట్లు ముందు కాకలి నిషాదం. ఎడమ చేతి కార్డ్‌ల విద్యలో సగం ఇంతే. మంద్రంలో షడ్జాన్నీ గాంధారాన్నీ దగ్గర దగ్గరగా మోగిస్తే గజిబిజిగా ఉంటుంది. ఈ శ్రుతి గాంధారాన్ని దానంతట అదే పై స్థాయికి నెడుతుంది కనుక బేస్ తేటగా వినిపిస్తుంది.

కుడి చేతి తీగలు నడుమ నుంచి బయటికి శుద్ధ మధ్యమం చొప్పున పైకి వెళ్తాయి. చిటికెన వేలు షడ్జం మీద ఉంటే, పక్క తీగ మీద ఒక మెట్టు వెనక ఉంగరపు వేలికి అంతర గాంధారం, ఆ పక్క తీగ మీద షడ్జానికి మూడు మెట్లు వెనక చూపుడు వేలికి పంచమం. మెడ మీద ఐదు మెట్లకోసారి చుక్క ఉంటుంది. ఐదు మెట్లంటే సరిగ్గా శుద్ధ మధ్యమం. ఈ చుక్కలు వేసిన చెయ్యి సంగీతం ఎరిగినది.

మన వీణ వేరే దారి పట్టింది. షడ్జం, పంచమం, మంద్ర షడ్జం, అనుమంద్ర పంచమం: తీగల మధ్య దూరం మారి మారి వస్తుంది. ఆకారాలు జరపడానికి కాదది, ఖాళీ తీగ మీటినప్పుడల్లా ఆధార శ్రుతి పలకడానికి. రాగానికి అదే కావాలి. వాద్యం రాగానికి చాలకపోతే తీగలనే మార్చుకోవాలని పాలకొల్లులో 1969లోనే పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చూపించారు. జంట తీగలు తీసేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతమంతా పలికించారు.

స్టిక్‌కు కూడా రకరకాల శ్రుతులున్నాయి. మామూలు శ్రుతిలో నడుమ కలిసే రెండు తీగల మధ్య ప్రతిమధ్యమం దూరం ఉంటుంది, ఆ రెంటి మీదా షడ్జం ఒకే మెట్టులో దొరకదు. నేను ఆ రెంటినీ ఒకే స్వరానికి తెచ్చుకున్నాను. అప్పుడు ఒక అద్భుతం బయటపడింది. ఏ మెట్టు మీదైనా సరే, ఎడమ పక్క ఐదు తీగలనూ అడ్డంగా తట్టితే స, ప, రి, ద, గ. మోహనం, పూర్తిగా. అదే మెట్టు మీద కుడి పక్క తట్టుకుంటూ పోతే స, మ, ని, గ, ద. హిందోళం! మోహనంలో గాంధారాన్ని షడ్జం చేస్తే హిందోళం వస్తుందని గ్రహభేదం పాఠంలో అందరూ చదివేదే. ఇక్కడ ఆ రెండు రాగాలూ ఒకే షడ్జానికి చెరో పక్కన ఉన్నాయి.

కార్డ్‌లు కూడా ఆ రాగాల నుంచే వెతకాలని నా నమ్మకం. పుస్తకంలో బొమ్మ చూసి వేళ్లు పెడితే వేళ్లు నేర్చుకుంటాయి, చెవి నేర్చుకోదు. అందుకే గాంధారం పాడకుండా గాంధారం తట్టను. మోహనం స్వరాలతో ఏర్పడే మూడు స్వరాల మేజర్, మైనర్ కార్డ్‌లు రెండే: షడ్జం మీద మేజర్, దైవతం మీద మైనర్. రిషభం మీద కార్డ్ కట్టబోతే నడిమి స్వరం రాగంలో లేదు. కానీ రి, ద, గ మూడూ ఒకే మెట్టు మీద వరుసగా ఉన్నాయి. మేజరూ మైనరూ కాని ఆ గుత్తి రాగానికి ఏ దోషమూ తేదు.

హిందోళంతోనే చిక్కు. అందులో పంచమం లేదు. కుడి చెయ్యి హిందోళం పాడుతుంటే ఎడమ చెయ్యి అలవాటుగా స, ప పట్టు పట్టిందా, రాగం అక్కడితో సరి. అందుకే ఈ నెలంతా ఎడమ చేతిని షడ్జం మీద కూర్చోనివ్వడం లేదు. నడుమ తీగ మీద ఐదు మెట్లు పైకి, మధ్యమం దగ్గరికి జరిపి మైనర్ ఆకారం పెడుతున్నాను. మ, స, ద. మూడూ హిందోళానివే. దైవతం మీద మేజర్ కూడా కుదురుతుంది. నిషాదం కింద ఏం వెయ్యాలన్నదే ఇంకా తేలలేదు.