తాళ్ళెరిగిన చేయి

ఇంగ్లీషు ఆఫీసు పలుకుబళ్ళలో ఎంత కవిత్వం దాగి ఉందో పుట్టుకతో ఆ భాష మాట్లాడేవాళ్ళకు తెలియదు. వాడి వాడి వాళ్ళకు అందులోని బొమ్మ అరిగిపోయింది. అది చెక్కుచెదరకుండా కనిపించేది అప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళకే. నర్సీపట్నంలో ఒక మేడమీది గదిలో స్పోకెన్ ఇంగ్లీషు పాఠం జరుగుతుంటే వెనక బల్ల మీద కూర్చుని విన్నాను. డిగ్రీ చేతికొచ్చి, అచ్యుతాపురం సెజ్‌కో పరవాడ ఫార్మా సిటీకో విశాఖలో ఏ ఆఫీసుకో వెళ్ళబోతున్న పిల్లలు. మంచి పండితుడు ప్రబంధం విప్పి చెబుతుంటే కలిగే ఆనందమే అక్కడ నాకు కలిగింది.

మన ఆలంకారికులు ఈ సంగతి ఏనాడో చూశారు. మాట తన సొంత అర్థాన్ని విడిచి పక్క అర్థాన్ని పట్టుకుంటే లక్షణ అన్నారు. అది లోకానికి అలవాటైపోయి, మొదటి అర్థం ఎవరికీ తట్టకపోతే రూఢి అన్నారు. పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో రూఢికి చూపించిన ఉదాహరణ 'పనిలో కుశలుడు' అన్న మాట. కుశ అంటే దర్భ. దాని అంచు చర్మాన్ని కోసేస్తుంది. వేలు తెగకుండా దర్భలు కోసుకొచ్చినవాడు కుశలుడు. ఆ తర్వాత ఏ పనిలో నేర్పరి అయినా కుశలుడే అయ్యాడు, దర్భలు మాత్రం మరుగున పడ్డాయి. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు ఈ ఉదాహరణను ఒప్పుకోలేదు గానీ ఆ వాదం ఇక్కడ అక్కర్లేదు. రూఢిని వివరించడానికి శాస్త్రకారుడు ఎంచుకున్న మాట పనికి సంబంధించినదే కావడం నాకెంతో నచ్చింది.

ఆ రోజు పాఠంలో మొదట వచ్చింది 'లెర్న్ ద రోప్స్'. పనిలో మెళకువలు తెలుసుకోవడం అని మాస్టారు బోర్డు మీద రాశారు. ముందు వరసలో ఒకమ్మాయి లేచి, "తాళ్ళేటి సార్, ఆఫీసులో తాళ్ళెందుకుంటాయి?" అంది. ఆయన తెరచాప ఓడల సంగతి ఎత్తుకున్నారు. పెద్ద ఓడకు లెక్కలేనన్ని తాళ్ళు ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో పేరు, ఒక్కో పని, కట్టే చోటు వేరు. గాలివానలో, కటిక చీకట్లో, చేత్తో తడిమి ఇది ఫలానా తాడని చెప్పగలగాలి. ఒకటి విప్పబోయి ఇంకోటి విప్పితే తెరచాప చిరుగుతుంది, ఒక్కోసారి మనిషి ప్రాణమే పోతుంది. కొత్తగా ఓడెక్కిన కుర్రాడికి పాతవాడు ముందు ఆ తాళ్ళే చూపించేవాడు. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "మా నాన్న లారీ మీద జీడిపిక్కల బస్తాలు కట్టినట్టన్నమాట. ఏ ముడి ముందు ఇప్పాలో తెలీకపోతే లోడంతా జారిపోద్ది" అంది.

ఆ మాటతో పలుకుబడి ప్రాణం లేచి కూర్చుంది. కొత్త ఉద్యోగికి కంప్యూటర్ మీద లాగిన్ ఎలా అవ్వాలో చూపిస్తూ లండన్లోనో చికాగోలోనో ఎవరో ఈ మాట రోజూ అంటూనే ఉంటారు. వాళ్ళ కంటికి తాడు కనిపించదు. ఈ పిల్లకు తాడు పీచుతో సహా కనిపించింది. మనం తెలుగులో చేయి తిరిగినవాడు అంటాం. సంస్కృతం కుశలుడు అంది. ఇంగ్లీషు తాళ్ళెరిగినవాడు అంటోంది. మూడు భాషలూ ఒకదాన్నొకటి అడక్కుండానే పనితనాన్ని చేతిలోనే చూశాయి. తెలివి తలలో ఉంటుందని అందరూ అంటారు గానీ, నేర్పు అనేసరికి దర్భ కోసే చేతినో, తిరిగిన చేతినో, తాడు పట్టిన చేతినో చూపించారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

తర్వాత 'ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్'. టెన్నిస్ నుంచి వచ్చిన మాట. నా వంతు అయింది, ఇక చెయ్యాల్సింది నువ్వే అని. మనవాళ్ళకు కోర్టు అనగానే జడ్జీగారి కోర్టే తడుతుంది. ఒక కుర్రాడు అలాగే అర్థం చేసుకున్నాడు: ఎదుటి పక్షం దావా వేసింది, వాయిదా వచ్చింది, ఇప్పుడు జవాబు దాఖలు చెయ్యాల్సింది మనమే. మాస్టారు సరిదిద్దబోయి ఆగారు. నిజానికి కుర్రాడు వేరే దారిన వచ్చి అదే గుమ్మం ముందు నిలబడ్డాడు. ఈ పలుకుబడిలో అందం బంతి ఎగరడంలో లేదు. అవతలివాడు కొట్టేశాక బంతి వలకు ఇవతల పడి, ఇంకా ఎవరూ రాకెట్ ఎత్తని ఆ కాస్త సేపటిలో ఉంది. నింద లేదు, బతిమాలడం లేదు. అడుగు వెయ్యడమో మానడమో ఎదుటివాడి ఇష్టానికే వదిలేసిన మర్యాద ఉంది.

'రెడ్ టేప్' దగ్గర చిత్రం జరిగింది. ఇంగ్లండులో సర్కారు కాగితాల కట్టలకు ఎర్ర నాడా చుట్టేవారు. 19వ శతాబ్దంలో కార్లైల్, డికెన్స్ లాంటి రచయితలు ఆ నాడా పేరుతోనే కచేరీల జాప్యాన్ని ఎండగట్టారు. ఇంగ్లీషువాళ్ళకు ఇది రూఢి అయిపోయింది. నర్సీపట్నం పిల్లలకు కాదు. పాసుపుస్తకం కోసమో కులధ్రువీకరణ కోసమో ఆఫీసుకు వెళ్ళి, నాడా కట్టిన దస్త్రాలను కళ్ళారా చూసినవాళ్ళు. వాళ్ళకు లక్షణతో పనే లేదు, నేరుగా అభిధే, అంటే మాట సొంత అర్థమే. అంతకన్నా లోతైన ఛాయ కూడా ఈ నేలలో ఉంది. ఇక్కడి నుంచి చింతపల్లి మన్యానికి వేసిన రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ళ చేత చేయించిన వెట్టి, 1922లో అల్లూరి సీతారామరాజు పోరాటానికి నిప్పు రాజేసిన కారణాల్లో ఒకటి. ఈ ప్రాంతానికి ఇంగ్లీషు మొదట వచ్చిందే కచేరీ కాగితం మీద, ఉత్తర్వు రూపంలో. ఇప్పుడు అదే కచేరీ ఇంగ్లీషును ఈ ఊరి పిల్లలు విప్పి, రంగు చూసి, ఆనందించి పక్కన పెడుతున్నారు. ఆ దృశ్యంలో ఉన్న వీరం నా మనసుకు తాకింది.

'బ్యాక్ టు ద డ్రాయింగ్ బోర్డ్' పుట్టుకే ఒక బొమ్మ. 1941లో న్యూయార్కర్ పత్రికలో పీటర్ ఆర్నో గీసిన కార్టూన్. విమానం నేలకూలింది. జనం అటు పరుగెడుతున్నారు. కాగితపు చుట్ట చంకలో పెట్టుకున్న ఒక్కడు మాత్రం ఇటు నడిచి వస్తూ, మళ్ళీ గీత మొదలుపెట్టాల్సిందే అనుకుంటున్నాడు. హాస్యం పైకి కనిపిస్తుంది, దాని అడుగున భయానకం, ఇంకా అడుగున అలసట ఎరగని ఉత్సాహం. ఉత్సాహం వీరరసానికి స్థాయీభావం. ఒక్క గీతబొమ్మలో ఇన్ని పొరలు!

అన్నీ ఇంత రసవంతం కావు. 'లో హ్యాంగింగ్ ఫ్రూట్' నాకు ఎప్పుడూ పిసినారి మాటలా తోస్తుంది. చేతికందే కాయ ముందు కోసుకోమంటుంది. జీడితోటల్లో తిరిగిన పిల్లలకు అది అసలు అతకలేదు. పండు పండితే దానంతటదే రాలుతుంది, కింద ఏరుకోవడమే.

గురజాడ కన్యాశుల్కంలో వెంకటేశం తల్లి వెంకమ్మ ముచ్చటపడి, గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలంటుంది. వాళ్ళు పాఠాల ముక్కలు వల్లిస్తారు. అక్కడ అందినది శబ్దం ఒక్కటే. ఈ మేడమీది గదిలో శబ్దం వెనకున్న బొమ్మ కూడా అందింది. మధ్య గడిచిన వందేళ్ళ పైచిలుకు కాలం వృథా పోలేదు.

చివర్లో 'లెట్స్ కాల్ ఇట్ ఎ డే'. చేసినంత పనినే రోజు అని పిలుద్దాం, ఇక చాలిద్దాం. పని సగంలో ఉన్నా సరే, దానికి రోజు అని నిండు పేరు పెట్టి గౌరవంగా వదలడం. ఇంతటి దయ ఆఫీసు భాషలో ఎక్కడి నుంచి వచ్చిందా అని నేను అబ్బురపడుతుంటే, తాళ్ళ సంగతి అడిగిన అమ్మాయే మళ్ళీ లేచింది. వాళ్ళన్నయ్య ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడట. "ఇది మనం అనొచ్చా సార్, మేనేజరే అనాలా?"

"లెట్స్ అని ఉంది కదమ్మా. ఇద్దరూ కలిసి అనుకోవాలి" అన్నారు మాస్టారు. ఆమె పుస్తకంలో మిగతా మాటలన్నీ వదిలేసి 'లెట్స్' కింద గీత గీసుకుంది. నా లెక్కన ఆ రోజు చేసిన వ్యాఖ్యానాలన్నిటిలోకీ గొప్పది ఆ గీతే.